నొప్పి లేని వాపు

పొద్దున లేచేసరికి మా ఎఫ్రాయిన్ ఎడమకన్ను
మిగలపండిన అత్తిపండులా మూసుకుపోయి ఉంది.

"ఎవడు కొట్టాడ్రా?"
ఎవడూ కొట్టలేదన్నాడు, ఉన్న ఒక్క కంటితో నవ్వుతూ.
తేనెటీగ అనుకున్నాను.
మిజ్కే లోయంతా చిక్కుడు పూతమీద ఉన్న నెల.
చామంతి నీళ్లు కాచి గుడ్డ తడిపి వేశాను.
రెండోనాటికి రెప్ప ఊదారంగు తిరిగింది,
చెవి ముందర గోళీలాంటిదేదో చేతికి తగిలింది.

గినీపందులకి గడ్డి అడగడానికొచ్చిన డోన్యా నెమెసియా
వాడి గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.
"నొప్పిగా ఉందా నాన్నా?"
"లేదు."
ఆమె ముఖంలో నవ్వు అక్కడే ఆరిపోయింది.
నొప్పి లేదంటే సంతోషించాలి గదా,
ఈవిడకేమొచ్చింది?

"కుట్టి చెప్పే పురుగు మంచిదే, కసిల్దా.
చీమ చెబుతుంది, కందిరీగైతే ఊరంతా చాటుతుంది.
ఇదొక్కటే చెప్పదు.
నిద్రపోయే పిల్లల మొహం వెతుక్కుంటూ వచ్చి
ముద్దుపెట్టినంత మెత్తగా తాగి
తాగినచోటే రెట్ట వేసి పోతుంది.
వాడు నిద్రలో దాన్నే కంట్లోకి నులుముకుంటాడు."

ఆ రాత్రి టార్చిలైటు వేసి మంచం జరిపాం.
గోడమీద సిరా జారినట్టు నల్లటి చారలు.
వాటిని నేను పెళ్లయిన నాటి నుంచీ
వాన చారలనుకుంటున్నాను.
పగుల్లోంచి మీసాలు కదిలాయి.
చెప్పు ఎత్తితే నెమెసియా చెయ్యి పట్టుకుంది.
"నలపకు. సాక్ష్యం కావాలి."
చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తనే పట్టింది.

విన్చూకా. నల్లికి పెద్దమ్మ.
గుమ్మడిగింజంత ఒళ్లు, అంచుల వెంట పసుపూ నలుపూ పట్టీ,
చీరకైతే ఆ అంచు ఎవరైనా మెచ్చుకుంటారు.

బంగాళాదుంపల లారీలో మూడు గంటలు.
అవాయో గుడ్డలో కొడుకు వీపుమీద,
రవికెలో అగ్గిపెట్టె.
లోపల అది గీరుతూనే ఉంది,
నేను దారి పొడుగునా
రెండు ప్రాణాలు మోస్తున్నట్టుంది.

రక్తం బొట్టు తీసి బ్రౌలియో డాక్టరు
నన్నూ ఆ గొట్టంలోకి చూడమన్నాడు.
ఎర్ర నాణేల గుట్టలో
ఒక వెంట్రుక ముక్క తన్నుకుంటోంది.
"తొందరగా తెచ్చావమ్మా. పిల్లల్లో ఇప్పుడైతే పోతుంది.
అరవై రోజులు, పూటకింత మాత్ర, ఒక్కటీ తప్పకూడదు."
తర్వాత, వెళ్లబోతుంటే,
"నీ చెయ్యి కూడా ఇటివ్వు."

నాకెందుకు?
నా కన్ను ఎప్పుడూ వాయలేదు.
"అందరికీ వాయదు."

మా నాన్న నలభైమూడో ఏట
బంగాళాదుంప చాళ్ల మధ్య పారమీద చెయ్యానించి
కాసేపు కూర్చుంటానన్నాడు.
శవం దగ్గర చేరినవాళ్లంతా
ఆయనది పెద్ద గుండె, పెద్ద గుండె అన్నారు.
అప్పుడది పొగడ్త.
రెండు వారాల తర్వాత నా కాయితం చదువుతూ
డాక్టరు అదే మాట ఇంకోలా అడిగాడు.
"మీ ఇంట్లో ఎవరికైనా గుండె పెద్దదైందా?"

గడ్డి తరిగి మట్టిలో తొక్కాం.
మా ఆయన పైనుంచి, నేను నడుమ దాకా, వాడు కింద.
కోళ్లగూడు తీసుకెళ్లి దూరంగా పెట్టాం.
ఎఫ్రాయిన్ చిటికెనవేలు గోడంతా తడిమింది.
"అమ్మా, ఇక్కడొకటుంది."
పూడ్చాను.
"ఇక్కడ కూడా."
పూడ్చాను.
"మరి అది ఇప్పుడెక్కడ పడుకుంటుంది?"
దానికి జవాబు నా దగ్గర లేదు.

వాడి అరవై అయిపోయాయి.
నావి మొదలయ్యాయి. పెద్దవాళ్లలో పని చెయ్యొచ్చు,
చెయ్యకపోవచ్చు అన్నాడు డాక్టరు, దాచకుండా.
ఇవాళ పన్నెండో రోజు.
లెక్క నాది కాదు. పొద్దున్నే లేచి
రెండు కళ్లూ పెద్దవి చేసి
నేను మింగేదాకా ఎదురుగా నిలబడి
గోడమీద బొగ్గుతో గీత గీసేది వాడే.
నున్నటి గోడ పాడవుతుందని అరవబోయి
ఊరుకున్నాను.